చప్పుడు లేని ఇల్లు

జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదని మా అవ్వ అభిప్రాయం. ఆమె లెక్కలో అది పళ్లు ఊడిపోయాక మొదలుపెట్టాల్సిన పని. నాకు ముప్పై నిండలేదు, పళ్లన్నీ ఉన్నాయి. అయినా మొన్న ఎండాకాలం సెలవులు అయిపోవస్తుండగా మా పెద్దసారు నా చేతిలో ఒక కాగితం పెట్టి, తల్లిదండ్రుల మీటింగులో చదవమన్నారు. భువనగిరి వైపు ఒక హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. గొంతు పెద్దదని ఇలాంటి పనులన్నీ నాకే వస్తాయి. కొత్త విద్యాసంవత్సరానికి పిల్లలను, ఇంటిని ఎట్లా సిద్ధం చేసుకోవాలో అందులో రాసి ఉంది. పొద్దున్నే లేపండి, టీవీ తగ్గించండి, ఫోను చేతికివ్వకండి. ఆ తర్వాత, ‘ఇంట్లో నిశ్శబ్దంగా ఉండేలా చూడండి’ అన్న మాట. అది చదవగానే స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఒక ఎండాకాలమంతా కాపురముండి వెళ్లింది.

మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. ఇల్లంటే ఒకటే పొడుగు గది, వెనక వంటకు రేకుల చాటు. గదిలో సగం మగ్గానిది. మిగతా సగంలో మేం నలుగురం, ఒక టీవీ, రెండు బియ్యం బస్తాలు కిరాయికి ఉన్నట్టు సర్దుకునేవాళ్లం. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని బాపు నేసేవాడు. చాలా చిన్నప్పుడు బాపు అంటే నడుము దాకా మాత్రమే ఉండే మనిషి అనుకునేదాన్నట. అమ్మ గోడ పక్కన ఆసు పోసేది. అంటే మేకుల వరస మీద నూలును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవడం, చేయి ఆగకుండా, నోరు కూడా ఆగకుండా. అవ్వ గడప దగ్గర రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. నూలుకు రంగు అద్దిన రోజు ఇల్లంతా ఆ వాసనే, మేం తిన్న పప్పు కూడా ఎర్రరంగు వాసనే వేసేది. చుట్టాలు ముక్కులు మూసుకునేవాళ్లు గానీ, నాకు మాత్రం ఆ వాసన లేని ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్లిన ఇల్లులా అనిపించేది.

ఇక చప్పుడు. బాపు కాలు తొక్కితే ఒకటి, పేక దారాన్ని మోసే నాడె ఉరికితే ఒకటి, పేకను దగ్గరికి కొడితే ఇంకొకటి. తెల్లారకముందు మొదలై పొద్దుగూకినా ఆగేది కాదు. నేను నడక నేర్చింది, మాట నేర్చింది ఆ చప్పుడు మీదే. ఎక్కాలు కూడా అంతే. తొక్కుడుకు ‘పదమూడు’, నాడెకు ‘రెండ్లు’, కొట్టుడుకు ‘ఇరవయ్యారు’. ఎక్కడైనా దారం తెగి బాపు మగ్గం ఆపితే నేనూ ఆగిపోయేదాన్ని. అతను దారం ముడేసి మళ్లీ తొక్కితే నేనూ మళ్లీ ఎత్తుకునేదాన్ని. పదిహేడో ఎక్కం నేర్చుకుంటున్న రోజుల్లో ఆ పడుగులో నూలు బాగాలేక దారాలు ఊరికే తెగేవి. నాకు పదిహేడో ఎక్కం ఇప్పటికీ సరిగా రాదు. సైన్సు టీచర్నయ్యాను కాబట్టి సరిపోయింది, లెక్కల టీచర్నయితే నూలు మీద నెపం పెట్టాల్సి వచ్చేది.

మా ఊళ్లో బడి ఏడో తరగతి దాకానే. ఎనిమిదికి పక్క ఊరి హైస్కూలుకు పోవాలి. నేను ఏడు అయిపోగొట్టిన ఎండాకాలం కొత్త రాష్ట్రం వచ్చిన కొత్త. బోర్డుల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నారు, సున్నం పలచగా ఉన్నచోట పాతది తొంగి చూసేది. ఆ హైస్కూల్లో ఇంగ్లీషు మీడియం సెక్షను పెడుతున్నామని, బడి తెరవగానే చిన్న పరీక్ష పెట్టి అందులో కూర్చోబెడతామని, రానివాళ్లు తెలుగు మీడియంలోనే ఉంటారని అక్కడి పెద్దసారు మా ఊరికి వచ్చి చెప్పారు. బడిముందు చింతచెట్టు నీడలో అమ్మలను, నాయినలను కూర్చోబెట్టి, పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే ఇల్లు ఎట్లా మారాలో వివరంగా చెప్పారు. మంచి మనిషి, మంచి మాటలే చెప్పారు. అందులో ఒకటి, ‘పిల్లలు చదివేటప్పుడు ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు.’

మా బాపు ఎవరి మాటా వినే మనిషి కాదు. అమ్మ మాట సరేసరి, డాక్టరు చెప్పినా చుట్ట మానలేదు. అట్లాంటివాడు ఆ రోజు మీటింగు నుంచి వచ్చి, చెప్పులు గుమ్మం బయట చప్పుడు కాకుండా విడిచి, గొంతు తగ్గించి ప్రకటించాడు.

“ఇయాళ్టి సంది పొద్దుగాల, మాపటీలి బిడ్డ సదువుకునేటప్పుడు మగ్గం బంద్.”

అమ్మ ఆసు మీద చేయి ఆపింది. “బందువెడితే ఆ పెండ్లి చీర ఎట్లయితది? శ్రావణం లోపట ఇస్తనని సేటుకు మాటిస్తివి కద?”

“పగటీలి నేస్త. ఎండల నేస్త. నీకేం ఫికర్?”

“అవ్ పో. నాకేం ఫికర్,” అని అమ్మ మళ్లీ చేయి కదిలించింది.

ఆ పెండ్లి చీర సంగతి చెప్పాలి. ఒళ్లంతా చిలకలు, అంచున ఏనుగులు. సేటు నమ్మి బాపుకు ఇచ్చిన మొదటి పెద్ద పని అది. చెప్పిన వేళకు అందితే ఇకమీద మంచి పనులన్నీ మా మగ్గానికే వస్తాయి, అందకపోతే ఆ పడుగు ఇంకో ఇంటికి పోతుంది. ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయితే నాకు అప్పుడు నేనే ఇంటి ముఖ్యమంత్రినని ఒక నమ్మకం ఏర్పడింది. నా కోసం మగ్గం ఆగుతుందంటే ఇంకేం కావాలి? ‘ఆపితే ఆపనీ’ అన్నట్టు కూర్చున్నాను.

బాపు నాకు చదువుకునే జాగా తయారుచేశాడు. మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీ, బియ్యం బస్తాల మీద చెక్క పరిచి బల్ల, చుట్టూ అడ్డంగా ఒక చీర. అది రంగు తప్పిన చీర. రంగు అద్దే ముందు నూలును ముడులు కట్టేటప్పుడు ఎక్కడో ఒకటి జారి, నేసేసరికి చిలకల తలలు ఒకచోట, ఒళ్లు ఒకచోట పడ్డాయి. ఎవరూ కొనక ఇంట్లో ఉండిపోయింది. గోడకు టైంటేబుల్ అంటించాను, రెండు రంగుల పెన్నుతో. అందులో ‘ఆలోచించుట’ అని కూడా ఒక అరగంట ఉండేది. వీధిలో ఎవరైనా అడిగితే “ఇంగ్లీష్ మీడియం” అని మాత్రం చెప్పి ఊరుకునేదాన్ని, ఇంకేం మాట్లాడినా తెలుగులో మాట్లాడాల్సి వస్తుందని. పై తరగతి అక్క దగ్గర తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చంకలోంచి దిగేది కాదు. నీళ్లకు పోయినా దాంతోనే పోయేదాన్ని.

మగ్గం ఆగింది. రాట్నం కిర్రుమంటుందని అవ్వను అరుగు మీదకు పంపారు. అవ్వకు గుసగుస రాదు. దేవుడితో మాట్లాడినా నలుగురికి వినపడాల్సిందే. ఆమె లోపలికి వచ్చి ఒకసారి చూసి, “గిది ఇల్లా, దవాఖానానా? ఎవరికి బాగలేదు?” అని అరిచింది. బాపు చేతులు జోడించాడు. కుక్కర్ కూతలు వేస్తుందని అమ్మ గిన్నెలో వండడం మొదలుపెట్టింది. పక్క వీధిలో ఇంకో నాయిన కోడిపుంజునే అమ్మేశాడని విన్నాం, కాబట్టి మా ఇల్లు మరీ అతి చేసిందని అనలేను.

ఆ నిశ్శబ్దంలో నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఏమీ ఎక్కలేదు. ఒక లైను చదివితే పై లైను మాయమయ్యేది. కిరణజన్య సంయోగక్రియ నాకు తెలుగులో నిద్రలో కూడా వచ్చేది. అదే ఇంగ్లీషులో చదువుతుంటే ఆకు దగ్గరే ఆగిపోయేదాన్ని, సూర్యుడి దాకా పోయేదాన్నే కాదు. చెవుల్లో ఒక రకమైన హోరు. అమ్మ ఉల్లిగడ్డ తరిగితే ఉలిక్కిపడేదాన్ని. చివరికి అడ్డం కట్టిన చీర మీద తలలేని చిలకలు ఎన్ని, తలలు మాత్రమే ఉన్నవి ఎన్ని అని లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. అవతల బాపు ఆగిన మగ్గంలో చేతులు ఒళ్లో పెట్టుకుని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, బిడ్డ చదువుతోందని మురిసిపోయేవాడు. ఇంగ్లీషు మీడియం నా మెదడుకు పడలేదని, ఏడో తరగతితోనే నా తెలివి అయిపోయిందని నేను నిర్ణయించుకున్నాను. మగ్గం మీద అనుమానం ఒక్కసారి కూడా రాలేదు. పుట్టినప్పటి నుంచి ఉన్న చప్పుడును చప్పుడని ఎవరనుకుంటారు?

పగటి ఎండకు ఉడికిపోయే గదిలో బాపు చొక్కా విప్పి నేసేవాడు. చెమట చీర మీద పడకుండా మెడకు తువ్వాల కట్టుకునేవాడు. చీర మాత్రం సగానికి కూడా రాలేదు. సేటు మనిషి వచ్చి చూసి పెదవి విరిచాడు. “ఏందన్నా, ఇంకా చిలకలే ఎగురుతున్నయా? శ్రావణం దగ్గరికొచ్చె.” బాపు గర్వంగా నా మూల వైపు చేయి చూపి, “మా బిడ్డ ఇంగ్లీష్ మీడియం. జర ఆలిస్యమైతది,” అన్నాడు. నేను చీర వెనక చిలకలు లెక్కపెడుతున్నదాన్ని ఎందుకో ఆ లెక్క మరిచిపోయాను. ఆ రోజు మొదటిసారి భయమేసింది. పరీక్ష పోతే పోయేది నా ఒక్కదాని ఇంగ్లీషు కాదు.

ఒక సాయంత్రం పెరుగు తోడుకు అమ్మ నన్ను పక్కింటికి పంపింది. పక్కింట్లో అంజన్న, లక్ష్మి వదిన, నెలల పిల్లోడు. బడికి పోయే పిల్లలు లేరు కాబట్టి ఆ ఇంట్లో మగ్గం యథాప్రకారం నడుస్తోంది, మధ్యలో దొడ్డి ఉండడంతో ఆ చప్పుడు మా ఇంటి దాకా వచ్చేది కాదు. మగ్గం పక్కనే తొట్టెల. వదిన పొయ్యి మీద ఏదో పెట్టి, “రేణుకా, జర తొట్టెల ఊపవా, గిప్పుడే వస్త,” అని లోపలికి పోయింది. ఒక చేత్తో తాడు పట్టుకుని, అలవాటుగా రెండో చేత్తో పుస్తకం తెరిచాను. ఆకు, సూర్యుడు, నీళ్లు, గాలి, అన్నీ వరసగా వచ్చి ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నాయి. పేజీ తిప్పాను. అదీ ఎక్కింది. వదిన రాగానే ఇంటికి ఉరికి, అంజన్నోళ్ల ఇంట్లో కూర్చుంటే చదువు వస్తుందని చెప్పకుండా, “మన బల్ల తూర్పుకు తిప్పాలె బాపూ,” అన్నాను. వాళ్లింట్లో నేను తూర్పు ముఖంగా కూర్చున్నాను మరి. సైన్సు మేడం చిన్నప్పటి పరిశోధన అది. పాపం బాపు ఆ రాత్రే బియ్యం బస్తాలను ఈడ్చి తిప్పాడు. ఏమీ లాభం లేకపోయింది, చిలకలు ఇంకో పక్క నుంచి కనపడ్డాయి, అంతే.

మర్నాడు మళ్లీ పెరుగు తోడుకే పోయాను. పిల్లోడు పడుకున్నాడు, నేను చదువుతున్నాను. అంజన్న చాయ్ తాగుదామని మగ్గం ఆపాడు. తొట్టెల్లో పిల్లోడు కెవ్వుమన్నాడు. నేను చదువుతున్న లైను సగంలో తెగింది, ఎంత వెతికినా మిగతా సగం దొరకలేదు. వదిన పరుగున వచ్చి, “నీ చాయ్ పాడుగాను, తొక్కు ముందు! సప్పుడు లేకుంటే వీడు పండడు,” అని మొగుణ్ని కసిరింది. అంజన్న కప్పు పక్కన పెట్టి తొక్కాడు. పిల్లోడు సద్దుమణిగాడు. నాకు లైను దొరికింది. నా ముఖం చూసి వదిన నవ్వింది.

“నువ్వు గూడ మా బుడ్డోని లెక్కనే ఉన్నవేందే పిల్లా!”

ఇంగ్లీషు మీడియం అమ్మాయిని తొట్టెల్లో పిల్లోడితో పోల్చడం నాకు చాలా అవమానమనిపించింది. అయితే అది నిజం కూడా అని తెలిసిపోయింది. ఇప్పుడు బాపుకు ఎట్లా చెప్పాలి? వీధంతా చెప్పుకున్నాడు, మా బిడ్డ కోసం మగ్గం ఆపినమని. అవ్వను ఎండలో కూర్చోబెట్టాడు. సేటు మనిషి ముందు తలెత్తి మాట్లాడాడు. ‘నాకు చప్పుడే కావాలి’ అంటే ఇదంతా ఏం కావాలి? అందుకని తెలివైన పని చేశాను. రోజూ సాయంత్రం పెరుగు తోడుకు పోవడం మొదలుపెట్టాను. మూడు చెంచాల పెరుగు తేవడానికి రెండు గంటలు పట్టేది. ఆ దినాల్లో మా ఇంట్లో పెరుగు ఎంత తోడుకుందంటే, తిని తిని అవ్వకు జలుబు చేసింది.

చివరికి సేటే స్వయంగా వస్తున్నాడని కబురు వచ్చింది. నన్ను పిలవడానికి బాపు పక్కింటికి వచ్చాడు. అంజన్న జోరుగా నేస్తున్నాడు, పక్కన తొట్టెల, తొట్టెల పక్కన నేను, ఆ చప్పుడులో గొంతెత్తి ఇంగ్లీషు వల్లెవేస్తూ. గుమ్మంలో బాపు ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. నేను చూసేసరికి వెనక్కి తిరిగి పోతున్నాడు. వెంట పరుగెత్తాను. ఇంట్లో గుంటలో కాళ్లు దించి మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు, చేయి చీర మీద పెట్టి.

“గా సప్పుడు నీకు అడ్డం గాదా బిడ్డా?” అన్నాడు.

“కాదు బాపూ. సప్పుడు లేకుంటెనే నాకు ఏం వస్తలేదు.”

“మరి చెప్పకపోతివి?”

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. బాపు తొక్కాడు. ఆ సాయంత్రం పేకను ఎంత గట్టిగా కొట్టాడంటే గోడ మీద టైంటేబుల్ ఊడి కింద పడింది. కోపమో, సంతోషమో నాకు అర్థం కాలేదు. వెనకాల అవ్వ రాట్నం పట్టుకుని అరుగు మీద నుంచి లోపలికి వచ్చి తన జాగాలో కూర్చుంది. సేటు వచ్చేసరికి ఇల్లంతా హోరెత్తిపోతోంది. అతను మాట్లాడింది మాకు వినపడలేదు, మేం చెప్పింది అతనికి వినపడలేదు. బహుశా అందుకే గొడవ కాలేదు.

చీర శ్రావణానికి అందింది, ముహూర్తానికి కొంచెం ముందు, అంచున ఒక ఏనుగుకు తొండం కొద్దిగా పొట్టి. బాపు అమ్మతో కలిసి అర్ధరాత్రుల దాకా నేశాడు. నేను పక్కనే కూర్చుని చదివాను. ఇంగ్లీషు సెక్షనులో కూర్చోనిచ్చారు. చివరి బెంచీ చివర, గోడకు ఆనుకుని, అంటే పరీక్షలో మార్కులు సరిగ్గా ఎన్ని అవసరమో అన్నే వచ్చాయి. పరీక్ష రాసేటప్పుడు బల్ల కింద నా కాళ్లు రెండూ తొక్కుతూనే ఉన్నాయి. ముందు కూర్చున్న పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఇంత అనుభవం ఉన్నదాన్ని కాబట్టి, మొన్న మీటింగులో ఆ కాగితం చదువుతూ చదువుతూ ఆ లైను దగ్గర ఆగాను. ఒక తల్లి లేచింది. వేళ్లకు ఆరని రంగు. పక్కన తొమ్మిదో తరగతికి రాబోతున్న కూతురు. “మేడం, మా ఇంట్ల మగ్గమున్నది. అది నడిస్తెనే మా ఇల్లు నడుస్తది. మరి ఆపమంటరా?” అంది.

ఇట్లాంటి క్షణం కోసమే నేను టీచరునయ్యానేమో అనిపించింది. కాగితం మడిచి పక్కన పెట్టాను. మగ్గం గురించి, మా బాపు గురించి, తొట్టెల గురించి చెప్పాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “ఆపొద్దమ్మా. మీ బిడ్డను మగ్గం పక్కనే కూసోపెట్టుండ్రి,” అని ముగించాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఆ పిల్ల లేచి నిలబడింది.

“మేడం, నాకు ఆ సప్పుడుకు తలకాయ నొస్తది. ఒక్క ముక్క ఎక్కది. ఆపమని మా అమ్మకు నేనే చెప్పిన.”

హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ పెద్దసారు నవ్వారు. నేను మళ్లీ కాగితం విప్పుకుని చదువుదామని చూస్తే ఏ లైను దాకా చదివానో దొరకలేదు. “మరి ఏడ చదువుకుంటవ్?” అని అడిగాను, అడగాల్సింది మొదలే అడగలేదని అప్పుడు తట్టింది. “గీడనే మేడం, బడిల. తాళం ఏసేదాక కూసుంట, మీరు ఒప్పుకుంటె,” అంది. ఒప్పుకోక ఏం చేస్తాను?

సాయంత్రం బాపుకు ఫోను చేసి చెప్పాను. బాపు ఇప్పుడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేస్తాడు, ఎవరి కోసమూ మగ్గం ఆపడు. అంతా విని చాలాసేపు నవ్వాడు. నేనూ నవ్వాను.

“గా పిల్ల నయం బిడ్డా,” అన్నాడు. “నిండు సభల లేసి చెప్పింది. నువ్వు మా కోసమని నోరు మూసుకున్నవ్, మేం నీ కోసమని మూసుకుంటిమి. మన ఇల్లంత మూగోళ్లదే అయిపాయె.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బడి తెరిచాక రోజూ సాయంత్రం ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుని చదువుకుంటోంది. నేను బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటూ కాపలా ఉంటాను. అందరూ వెళ్లిపోయిన బడి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలియదు. నాకు పేపర్లు దిద్దడం సాగదు, చదివిన జవాబే మళ్లీ మళ్లీ చదువుతుంటాను. నిన్న మాత్రం పని బాగా సాగింది, ఒకటి తర్వాత ఒకటి దిద్దేస్తున్నాను, మార్కులు చకచకా పడుతున్నాయి. అంతలో ఆ పిల్ల తల ఎత్తింది.

“మేడం, ఏమనుకోకుండ్రి. మీరు జర కాళ్లు ఆడించుడు ఆపుతరా?”

రెండు కాళ్లూ కుర్చీ మీదికి మడిచి కూర్చున్నాను.